కోటు తొడుక్కున్న తేనెపట్టు

ఇల్లాలికి మొగుడి మీద పెద్ద ఫిర్యాదులేమీ లేవు. తాగడు, తిరగడు, పెట్టింది తిని కంచం కడుక్కుంటాడు. ఉన్న లోపమల్లా ఒక్కటే. శనివారం మధ్యాహ్నం కాగానే దేవుడైపోతాడు.

మిగతా రోజుల్లో మంచివాడే. కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో కూర్చుని అద్దాల అంచులు అరగదీస్తాడు. కొళాయి కారుతోంది, వాషరు మార్చండి మహాప్రభో అంటే, ఆ విషయమై ఒక నిర్ణయానికి రావడానికి నెల పడుతుంది. అటువంటి మనిషి శనివారం వచ్చేసరికి, భోజనాలబల్ల తుడిచిన తడి ఆరకముందే దాని మీద కొండలు నిలబెడతాడు, నదులు మళ్ళిస్తాడు, గిట్టనివాళ్ళ నెత్తిన పిడుగులు వేస్తాడు. "నా రాజ్యంలో ఈ ఏడు కరువు" అని గంభీరంగా ప్రకటించి, అదే గొంతుతో వంటింటివైపు తిరిగి, "ఏమోయ్, బిస్కెట్లు అయిపోయాయి" అంటాడు.

"లోకాలు సృష్టించేవారికి బిస్కెట్లు ఒక లెక్కా?" అంటుంది ఇల్లాలు.

"దేవుడన్నవాడు అడుగుతాడు గానీ చేసుకోడు" అంటాడు ఆయన.

ఆట చెప్పుకోవడానికి సులువే. ఒకరు కథ నడుపుతారు. తక్కినవాళ్ళు అందులో తలా ఒక పాత్ర అవుతారు. పాత్రకు ఒక జాతి, ఒక వృత్తి ఉంటాయి, ఎవరివి వాళ్ళే ఎంచుకోవచ్చు. "మీ ముందు వాగు. అవతల గుర్రాల చప్పుడు. ఏం చేస్తారు?" అని కథ నడిపేవాడు అడిగితే, చేసేదేదో నోటితో చెప్పాలి. కుదిరిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. అంతే. కదలకుండా కుర్చీల్లో కూర్చుని, సాయంత్రానికి దేశాలు దాటి వచ్చినవాళ్ళలా అలిసిపోయి లేస్తారు.

ఆయన బాధల్లా జాతులతోనే. ఆటపుస్తకం మొదటి పేజీలోనే మనిషి అని ఒక జాతి ఉంది. యోధుడని ఒక వృత్తీ ఉంది. ఆ పేజీ మీద చెయ్యి పెట్టినవాడు ఆ బల్ల చుట్టూ లేడు. ఎదురింటి బస్సు డ్రైవరు నత్తజాతి సన్యాసి. రోజంతా హారను మోతల మధ్య గడియారంతో పరుగుపందెం పెట్టుకునే ఆయన, బల్ల దగ్గర మాత్రం "నేను ఆలోచిస్తూ పాకుతున్నాను" అంటాడు. పై అంతస్తు పళ్ళ డాక్టరమ్మ పుట్టగొడుగు జాతి. ఆవిడ వృత్తి నిద్రపుచ్చడం. పొడి చల్లితే శత్రువు నొప్పీ గిప్పీ లేకుండా పడుకుంటాడు.

"మనిషి జన్మ ఎంతో పుణ్యం చేసుకుంటే గానీ రాదంటారు" అని ఆయన వాపోతాడు. "ఇక్కడ ఊరికే ఇస్తానంటే తీసుకునేవాడు లేడు!"

అందరికంటే విడ్డూరం ఆయన అక్కగారు. ఇల్లాలికి వదిన. వీళ్ళింట్లోనే వెనక గదిలో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు సరిచేస్తుంటుంది. బిగుతైన నడుములు వదులు చేయడం, పొడుగైన చేతులు పొట్టి చేయడం. పెదవుల మధ్య గుండుసూదుల వరస ఉంటుంది కాబట్టి మాట్లాడే అవకాశం తక్కువ. సూదులు లేనప్పుడూ పెద్ద తేడా ఉండదు. "కూర ఏం చేయమంటావ్ వదినా?" అంటే "నీ ఇష్టమమ్మా." "కిటికీ తెరవనా, మూయనా?" అంటే "నీ ఇష్టమమ్మా." ఇల్లు తగలబడుతున్నా ఏ తలుపులోంచి పారిపోదామంటే "మీ ఇష్టం" అనే రకమని ఇల్లాలు ఒకసారి మొగుడి చెవిలో అంది.

ఆ వదిన ఆటలో ఒక తేనెపట్టు. కోటు తొడుక్కుని మనిషి ఆకారంలో నిలబడే తేనెటీగల గుంపు. ఏ నిర్ణయమైనా లోపల అందరూ తర్జనభర్జన పడ్డాకే. "ఆగండి, మాలో గొడవగా ఉంది" అంటుంది. "ముసలివాళ్ళు వాగు దాటొద్దంటున్నారు. కుడి భుజంలో ఉన్నవాళ్ళకు అవతల పూల వాసన తగిలిందట, వాళ్ళు ఆగేలా లేరు. కుడి భుజం ముందు వెళ్తోంది. తక్కిన మేము వెనక వస్తాం." ఆ మాటలంటున్నప్పుడు ఆవిడ వీపు నిటారుగా అవుతుంది, చేతులు గాలిలో లేస్తాయి. అది విన్న మొదటిరోజు ఇల్లాలు వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడిపోయింది. ఇన్నాళ్ళూ "నీ ఇష్టమమ్మా" వెనక ఇంతమంది ఉన్నారా అనిపించింది.

తేనెపట్టు వృత్తి కూడా పుస్తకంలో లేనిదే. మాటలు మొయ్యడం. దారిలో ఎదురైనవాళ్ళు, ఎవరూ చెవిన పెట్టనివాళ్ళు, ఏదైనా మాట అంటే దాన్ని ఒక ఈగకు అప్పజెప్పాలి. రాజధానిలో గాజుతోట అని ఉంది. అక్కడ ఆ మాట పలికితే పువ్వవుతుంది. వానాకాలం నుంచి ఆ తోటకే నడుస్తున్నారు.

ఇల్లాలు ఆడదు. "నాకు ఒక జాతి, ఒక వృత్తి ఉన్నవి చాలు" అంటుంది. కానీ టీ పళ్ళెంతో వచ్చినప్పుడల్లా ఆవిడకు ఒక్క మాట హక్కుంది. కథలో ఆ సమయానికి దారిన పోయేవాడెవడో వాడి మాట ఆవిడే అనాలి. చాలా రోజుల కిందట ఒక వంతెన దగ్గర అందరూ తగువులాడుకుంటుంటే, కప్పులు దింపుతూ, "నేను మేకలు కాసుకునేదాన్ని బాబూ, ఆ వంతెన పుచ్చిపోయింది" అంది. ఆయన మురిసిపోయి ఆ క్షణానే శాసనం చేశాడు. టీతో వచ్చిన మాట రాతిమీద గీత. దేవుడు కూడా తుడపడానికి వీల్లేదు. దానికి 'టీమాట' అని పేరు కూడా పెట్టారు. అప్పటినుంచి ఆవిడ గొర్రెలకాపరి అయింది, విధవరాలైంది, దయ్యమైంది, పడవ నడిపేదైంది, దొంగ చుట్టమైంది. అని, కప్పులు పెట్టి, వెళ్ళిపోయేది. ఏమన్నదో వంటింటికి చేరేలోపే మర్చిపోయేది.

ఆ శనివారం వాళ్ళు రాజధాని కోటగుమ్మం చేరారు.

ఇల్లాలు పళ్ళెంతో గదిలోకి వచ్చేసరికి అందరూ ముందుకు వంగి ఉన్నారు. బల్ల మధ్య అట్టముక్కలతో కట్టిన కోటగోడ. దాని ముందు నత్తబొమ్మ, పుట్టగొడుగు బొమ్మ, తేనెపట్టు బొమ్మ. తేనెపట్టు బొమ్మకు వదిన గుడ్డపీలికలతో వేలెడు కోటు కుట్టింది. దానికి జేబు కూడా ఉంది.

"గుమ్మంలో కాపలావాడు" అన్నాడు ఆయన పెళ్ళాం వంక చూస్తూ. "ఈటె అడ్డం పెట్టాడు. అక్కా, మీవాళ్ళేమంటారు?"

వదిన గొంతు సవరించుకుంది. "లోపలికి రావచ్చా అని అడుగుతున్నాం" అంది. "మాలో ఎవరూ కాదనలేదు. అందరం ఒక్కమాట మీద ఉన్నాం. ఇలా అవడం ఇదే మొదలు."

అదే క్షణంలో వంటింట్లోంచి పాలు పొంగి పొయ్యిమీద పడ్డ చప్పుడు.

"మనుషులకు మాత్రమే ప్రవేశం!" అంది ఇల్లాలు కప్పులు గబగబా దింపుతూ. "నత్తలూ, బూజూ, ఈగలూ లోపలికొస్తే ఇక రాజుగారి ఇల్లు ఊడ్చేదెవరు? పొండి, పొండి!"

నవ్వులు పేలాయి. డ్రైవరు బల్ల చరిచాడు. డాక్టరమ్మ "నేను బూజా అక్కా!" అని కళ్ళు తుడుచుకుంది. అందరికంటే గట్టిగా దేవుడు నవ్వాడు. ఇల్లాలు పొయ్యి దగ్గరికి పరిగెత్తింది. మాడిన పాల వాసన పోయేదాకా తుడిచి, పనిలో పనిగా తన చమత్కారానికి తనే ఇంకోసారి నవ్వుకుని, తిరిగి వచ్చేసరికి గదిలో ఎవరూ నవ్వడం లేదు.

"టీమాట" అంటున్నాడు ఆయన, చేతులు చాపి. "నేనేం చేయను? గుమ్మం మూసుకుంది. ఈ ఊళ్ళోకి మనుషులే రాగలరు. కాబట్టి వచ్చే శనివారం అందరూ కొత్త పాత్రలతో రండి. మనుషులు. యోధుడు, పండితుడు, అలాంటివి. ఒక్కసారైనా నా కథలో మనుషులుంటే చూడాలని ఉంది."

"మరి నా నత్త?" అన్నాడు డ్రైవరు.

"బయట ఉంటుంది. నత్తకు తొందరేముంది?"

"ఇది అన్యాయం గురూ."

"న్యాయం నేను కాదు, చట్టం" అన్నాడు దేవుడు. "అక్కా, నువ్వేమంటావు?"

వదిన చెయ్యి చాపి తేనెపట్టు బొమ్మను తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. కాసేపు దాని కోటు సవరించింది.

"మీ ఇష్టం" అంది.

మర్నాడు ఇల్లాలు ఆరిన బట్టలు ఇవ్వడానికి వెనక గదిలోకి వెళ్ళింది. వదిన మిషను ముందు లేదు. కిటికీ దగ్గర వెలుగులో కూర్చుని, కుట్లు విప్పే చిన్న కొక్కెం పెట్టి, ఆ వేలెడు కోటు విప్పుతోంది. దారం తెగకుండా, ఒక్కొక్క కుట్టూ. చేతులు విడిపోయాయి. జేబు విడిపోయింది. చివరికి ఒక గుడ్డముక్క మిగిలితే దాన్ని మోకాలి మీద పరిచి అరచేత్తో సాపు చేసింది.

"అయ్యో, అంత కష్టపడి కుట్టావు కదా వదినా!"

వదిన పెదవుల మధ్య సూదులు లేవు. అయినా తల ఊపి ఊరుకుంది.

"కోపమొచ్చిందా?"

"ఆటే కదమ్మా. కోపమెందుకు?"

"పోనీ మీ ఈగలేమంటున్నాయి?" అంది ఇల్లాలు, నవ్విద్దామని.

వదిన ఆ ప్రశ్నను ఎవరో వేరే మనిషిని అడిగినట్టు వింది. తర్వాత ఎవరిదో లాగు తీసుకుని, నడుం దగ్గర సుద్దతో గీత గీసి, గుండుసూదులు తీసి ఒక్కొక్కటే పెదవుల మధ్య పెట్టుకుంది. ఇల్లాలు ఇంకా నిలబడే ఉంది. సూదులు నిండాయి.

ఆ వారమంతా ఇంట్లో కిటికీలు తెరవాలో మూయాలో చెప్పేవాళ్ళు లేరు. మామూలే. ఎప్పుడూ ఉన్నదే. కానీ ఇంతకుముందు ఇల్లాలు ఆ మౌనాన్ని ఖాళీ అనుకునేది. ఇప్పుడు తలుపు వేసిన ఇల్లులా వినబడసాగింది. శనివారం తప్పితే వదినకు గొంతు లేదు. ఆ గొంతు మీద తను ఈటె అడ్డం పెట్టింది. అబ్బే, అంత పెద్దమాటెందుకు, ఒక హాస్యం ఆడాను, అది తప్పా? అని తనే అనుకుంది. అనుకుంటూ ఆలుగడ్డల తొక్కులు గిన్నెలో, గడ్డలు చెత్తబుట్టలో వేసింది.

బుధవారం ఆయన ఇంకో పని పురమాయించాడు. బొమ్మల దుకాణానికి వెళ్ళి మూడు మనిషి బొమ్మలు పట్టుకురమ్మని.

దుకాణం గ్రంథాలయం పక్క సందులో ఉంది. లోపల ఒక అమ్మాయి నుదుటికి భూతద్దం కట్టుకుని, ఈకంత కుంచెతో బొమ్మకు రంగు వేస్తోంది. గోళ్ళ చివర పసుపూ నీలం.

"మనుషుల బొమ్మలు కావాలమ్మా" అంది ఇల్లాలు.

అమ్మాయి తలెత్తింది. "మనుషులా? ఏ బల్ల దగ్గర గొడవైందండీ?"

"గొడవేమిటి?"

"మా దుకాణంలో ఎవరైనా మనుషుల్ని అడిగారంటే, ఎక్కడో కథ నడిపేవాడు అలిగాడని లెక్క" అంది అమ్మాయి. లేచి, కింది అరలో వెనకెక్కడో చెయ్యి పెట్టి వెతికింది. "ఉండండి, దుమ్ము దులపాలి. యోధులు తెప్పించి చాలా రోజులైంది. ఇంకా అలాగే ఉన్నారు, పాపం, కత్తులెత్తుకుని."

ఆమె వెతుకుతుంటే ఇల్లాలు అద్దాల అలమార వైపు తిరిగింది. తిరిగి, అక్కడే ఉండిపోయింది. పై అర నుంచి నేలదాకా జీవాలు. కొంగ తలతో, పొడుగాటి అంగీతో ఒక న్యాయవాది. పక్కటెముకల మధ్య దీపం వెలుగుతున్న గాజు మనిషి. ఉప్పుతో పుట్టినవాళ్ళు, వాన వస్తుందేమోనని గొడుగులు పట్టుకుని. వీపు మీద చిన్న ఊరిని మోస్తున్న తాబేలు, ఆ ఊళ్ళో ఒక ఇంటికి ఆరేసిన బట్టలు. ఒక్కొక్కటీ చిటికెన వేలంత. ఏ రెండూ ఒకలా లేవు. ఎవరు తలచుకున్నారు వీటన్నిటినీ? ఏ వంటింట్లో, ఏ బస్సులో, ఏ కార్యాలయం బల్ల ముందు కూర్చుని?

"ఇవన్నీ కొంటారా?"

"కొనడమేమిటండీ, వరస కడతారు. మొన్న ఒక కోర్టు గుమాస్తా వచ్చాడు. నీడజాతి పాటగాడు కావాలన్నాడు. ఇద్దరు కవల నర్సులున్నారు, ఇద్దరూ కలిసి ఒకే కొండచిలువ. తల ఒకావిడ, తోక ఇంకొకావిడ. ఏది తల అన్న తగువు ఇంకా తేలలేదు."

"ఎందుకమ్మా ఇంత పిచ్చి? హాయిగా మనుషుల్లా ఉండక?"

"పొద్దుట్నించీ మనుషుల్లానే కదండీ ఉంటున్నారు" అంది అమ్మాయి. "అదీ, ఎవరో చెప్పిన మనుషుల్లా." తర్వాత కుంచె తీసుకుంది. "కాస్త ఊపిరి బిగబట్టండి. కన్ను పెట్టాలి."

చేతిలో ఉన్నది కొంగమనిషే, ఇంకొకడు. రంగులన్నీ అయ్యాయి గానీ కన్ను తెల్లగా ఉంది. ఇల్లాలు నిజంగానే ఊపిరి బిగబట్టింది. కుంచె చివర్న నల్లటి చుక్క, ఆవగింజలో వందో వంతు, వెళ్ళి తెల్లటి చోట తాకింది. అంతే. అప్పటిదాకా మైనపుముద్దలా ఉన్నది ఆవిణ్ణి చూసింది.

దుమ్ము దులిపిన ముగ్గురు యోధుల్ని కాగితంలో చుట్టించుకుని ఇంటికి వస్తుంటే, దారి పొడుగునా ఎదురొచ్చినవాళ్ళందరినీ ఆవిడ తేరిపార చూస్తూ నడిచింది. పాలబ్బాయి లోపల ఏముందో! ఆ లావుపాటి పోస్టుమాస్టరు గారి లోపల, ఎవరు కన్నారు, నెమలి ఉండవచ్చు.

శనివారం వచ్చింది. మనుషులు వచ్చారు.

వంటింటి గుమ్మంలోంచి ఇల్లాలికి అంతా కనబడుతోంది. ఆయన కొత్త చొక్కా వేసుకున్నాడు. ఇన్నాళ్ళ కోరిక తీరుతున్నవాడి ముఖం. కోటగుమ్మం తెరిచాడు, వీధులు చూపించాడు, రాజవంశాల కథ చెప్పాడు. ఆ కథ ఆయన ఏళ్ళ తరబడి రాసుకున్నది, నిజంగా బాగుంది. వింటున్నవాళ్ళు మర్యాదగా తలలూపారు.

"సరే, మీరిప్పుడు నడివీధిలో ఉన్నారు. ఏం చేస్తారు?"

"నా యోధుడు టైము ఎంతయిందో చూస్తాడు" అన్నాడు డ్రైవరు.

"చూసి?"

"ఆలస్యమైందంటాడు. ఆయనకు ఎప్పుడూ ఆలస్యమే."

"డాక్టరమ్మా?"

"నా పండితురాలు ఒక కుర్చీ చూసుకుని కూర్చుంటుంది. తర్వాతవాళ్ళని పంపమంటుంది." అని నుదురు రుద్దుకుంది. "సారీ. పొద్దున్నుంచీ అదే అంటున్నా, అదే వచ్చేసింది."

"అక్కా?"

వదిన ముందు దుమ్ము దులిపిన యోధురాలు కత్తెత్తుకుని నిలబడి ఉంది. "వాళ్ళెటంటే అటు" అంది వదిన.

ఆట ఆగలేదు, అదే వింత. సాఫీగా జారిపోయింది. తగువుల్లేవు, "ఆగండి, ఆలోచిస్తూ పాకుతున్నా" లేదు. ఎప్పుడూ నాలుగు వారాలు పట్టే దారి టీవేళకు ముందే అయిపోయింది. పాచికలు కూడా బద్ధకంగా పడ్డాయి. ఆయన గొంతు పెంచాడు, చేతులు ఊపాడు. చివరికి గాజుతోట తలుపు తెరిచాడు. అద్దాల పని చేసే మనిషి కదా, అద్దాల గురించి చెప్పడం మొదలుపెడితే నిజంగానే వెలుగు విరిగి బల్ల మీద పడినట్టనిపించింది. గాజుగోడలు, గాజుకప్పు, గాజుపాదులు.

"పూలున్నాయా?" అన్నాడు డ్రైవరు.

ఆయన తన రాతల పుస్తకం తెరిచాడు. మూశాడు. ఆ తోటలో పువ్వు పూయాలంటే ఎవరైనా మోసుకొచ్చిన మాట పలకాలి. ఆ చట్టం పెట్టింది ఆయనే. దేవుడికి ఎన్ని లోపాలున్నా అబద్ధమాడడు.

"లేవు" అన్నాడు.

"ఎప్పుడూ లేవా?"

"మీరొస్తే పూస్తాయనుకున్నా." ఆయన చేతులు బల్ల మీద వాలిపోయాయి. "మీరు కాదు. వాళ్ళు."

ఇల్లాలు టీ పళ్ళెంతో లోపలికి అడుగుపెట్టింది. దారంతా ఏమనాలో తయారు చేసుకునే వచ్చింది. "కొత్త కాపలావాణ్ణి బాబూ" అంది వెటకారపు గొంతుతో. "పాతవాడికి మతి చెడి ఇంటికి పంపేశారు. బయట ఎవరున్నా రమ్మంటున్నా, రండి!"

డ్రైవరు ముఖం వెలిగింది. ఆయన మాత్రం తల అడ్డంగా ఊపాడు, ఈసారి దేవుడిలా కాదు, అలిసినవాడిలా. "అది కుదరదోయ్. ముందు మాట నీదే. ఒక టీమాటను ఇంకో టీమాట కొట్టేస్తే ఇక దేనికీ విలువుండదు."

"అదేం చట్టమండీ? మీరు పెట్టిందేగా?"

"నేను పెట్టిందే. మార్చుకోవడం మొదలుపెడితే నా కథ ఎవరు నమ్ముతారు?"

"వద్దులేమ్మా" అంది వదిన మెల్లిగా. "మీ ఇష్టప్రకారమే కానివ్వండి."

ఇల్లాలి చేతిలో పళ్ళెం ఇంకా అలాగే ఉంది. కప్పులు దింపడం మర్చిపోయింది. "పోనీ," అంది, వెటకారపు గొంతు ఎక్కడికో పోయి, మామూలు గొంతుతో, "గుమ్మం బయట ఆ రోజు మిగిలినవాళ్ళేమయ్యారు? అడగకూడదని చట్టమేమీ లేదు కదా?"

అందరూ వదినవైపు తిరిగారు.

"నీ ఇష్ట..." అని ఆవిడ ఆగిపోయింది. యోధురాలి బొమ్మను పడుకోబెట్టింది. కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. వీపు కొంచెం కొంచెంగా నిటారైంది.

"గుమ్మం మూతపడ్డాక మాలో గొడవైంది" అంది. "ముసలివాళ్ళు 'మేం చెప్పలేదూ' అన్నారు. వాళ్ళెప్పుడూ అదే అంటారు, ముందు చెప్పరు. చిన్నవాళ్ళు మళ్ళీ తట్టుదామన్నారు. ఇంతలో చలి మొదలైంది. కోటెందుకు తొడుక్కున్నాం? మనిషిలా కనబడితే రానిస్తారని. కనబడినా రానివ్వనప్పుడు కోటెందుకని కుట్లు విప్పేశాం. నేలమీద పరుచుకున్నాం. దానిమీద అందరం ఒక ముద్దయ్యాం."

ఆవిడ రెండు చేతులూ గుండ్రంగా దగ్గరికి తెచ్చింది. ఆ మధ్య ఏదో ఉన్నట్టే అందరూ చూశారు.

"చలికి మేం అలాగే ఉంటాం. పైవరస వణుకుతుంది, లోపలివాళ్ళు వెచ్చగా ఉంటారు. కాసేపటికి లోపలివాళ్ళు పైకొస్తారు, పైవాళ్ళు లోపలికి పోతారు. ఎవరూ చెప్పనక్కర్లేదు. నువ్వు పైకొచ్చి చాలాసేపయిందిలే, ఇలా రా, అన్నట్టు. అలా తిరుగుతూ, నిద్రపోకుండా ఉండడానికి, మోస్తున్న మాటలు ఒకరికొకరు చెప్పుకున్నాం."

"ఏం మాటలు?" అన్నాడు ఆయన. ఆయనకూ తెలియదు.

వదిన చేతులు విప్పలేదు. వేరే గొంతుతో, కొంచెం పెంకెగా, అంది: "గొర్రెలు తప్పిపోలేదయ్యా, నాకు విసుగొచ్చి నేనే కాసేపు తప్పిపోయాను." ఇంకో గొంతు: "మా ఆయన పోయాక ఇంట్లో ఉప్పు ఎక్కువైందనేవాళ్ళే లేరు. ఎక్కువ వేసుకుని చూశాను. ఎవరూ అనలేదు." ఇంకొకటి, సన్నగా: "దయ్యాన్నయితే ఏం, తలుపు తట్టే వస్తాను. బతికున్నవాళ్ళకే ఆ మర్యాద లేదు."

డాక్టరమ్మ నవ్వబోయి ఆగిపోయింది. ఇల్లాలికి ఆ మాటలు ఎక్కడో విన్నట్టుంది. ఆ పెంకెతనం, ఆ విరుపు. విన్నట్టుండడమేమిటి, అవి తనవే. కప్పులు దింపుతూ, చెంచాలు సర్దుతూ, పొయ్యి మీద ఏదో ఉందన్న తొందరలో విసిరేసి పోయిన మాటలు. ఒక్కటీ తనకు గుర్తులేదు. దారిన పోయేవాళ్ళందరూ తనే కదా! ఇన్ని వానలూ ఎండలూ దాటి ఈ తేనెపట్టు ఇంకెవరి మాటలు మోస్తుంది?

"ఇంకొకటి ఉంది" అంది వదిన. "పడవ నడిపే ఆవిడది. దాన్ని మోసే ఈగ పైవరసలో ఉంది, లోపలికి రమ్మన్నా రాలేదు. కొనవూపిరితో ఉంది కానీ మాట జారవిడవలేదు." ఇప్పుడు ఆవిడ గొంతు మారలేదు, తన గొంతుతోనే చెప్పింది. "'రోజూ అందర్నీ అవతలి ఒడ్డుకు చేరుస్తాను. నేనొక్కసారీ దిగి చూడలేదు. దిగమని ఎవరూ అనలేదు.'"

డ్రైవరు తన టీ కోసం చెయ్యి చాపి, పళ్ళెం ఇంకా ఇల్లాలి చేతుల్లోనే ఉండడం చూసి, చెయ్యి వెనక్కు తీసుకున్నాడు. గోడగడియారం కూడా మెల్లగా నడుస్తున్నట్టుంది. ఆ బల్ల మీద అట్టముక్కలూ పాచికలూ తప్ప ఏమీ లేవు. అయినా ఇల్లాలికి కోటగోడ నీడలో, విప్పేసిన గుడ్డ మీద, ఆ నల్లటి ముద్ద కదలడం కనిపించింది. మధ్యలో వెచ్చగా. అంచున, రెక్కలు ముడుచుకుని, ఒక్క ఈగ.

వదిన తలెత్తి ఆవిడ ముఖంలోకి చూసింది. అన్నేళ్ళలో ఎప్పుడూ అంత తిన్నగా చూడలేదు.

"కాపలావాణ్ణి ఒకటి అడగాలని మా అందరికీ ఉంది" అంది. "మేం అడిగినప్పుడు, అసలు విన్నాడా?"

ఆయన పెళ్ళాం వంక చూసి, నెమ్మదిగా, "కాపలావాడేమంటాడు?" అన్నాడు.

ఇల్లాలు పళ్ళెం బల్ల మీద పెట్టింది. ఎప్పుడూ ఖాళీగా ఉండే కుర్చీ లాక్కుని, వదిన ఎదురుగా, కూర్చుంది.

"కాపలావాడు లేడు, నేనే చెబుతున్నా" అంది. "నేను వినలేదు వదినా. పాలు పొంగుతున్నాయి, నలుగురూ నవ్వే మాట ఒకటి అనేసి పోదామనుకున్నా, అన్నా. తప్పు నాదే."